నలభై ఒకటో కొవ్వొత్తి

బెంగళూరు,
ఫిబ్రవరి 3.

రామలక్ష్మీ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏంటా అనుకుంటావు. నీకు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో ఏడు నిమిషాలు మీ అత్తగారే మాట్లాడతారు. తలుపులమ్మగారంటే నాకు ఇష్టమే గానీ, ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆవిడకి చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు. పైగా పదో తరగతిలో లెక్కల మేష్టారు బోర్డు వైపు తిరగ్గానే బెంచీ కింద నుంచి చీటీలు పంపుకున్నవాళ్ళం, మనకి ఉత్తరాలు కొత్తేం కాదు.

నువ్వు కొవ్వొత్తులు పోసే పనిలో చేరావని పోయిన వేసవిలో చెప్పావు కదా. నాకు నలభై కావాలి. మామూలువి కాదు, కోడిగుడ్డు పెంకులో మైనం పోసి చేస్తారే, అలాంటివి. వాసనవి. మార్చి పదిహేనుకల్లా నాకు చేరాలి.

ఎందుకంటావా? ఇక్కడ మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం నెలకోసారి మాలో పెద్దావిడ ఇంటి మేడ మీద కలుస్తాం. దీన్ని విక్కా అంటారు. ఎక్కడో తెల్లవాళ్ళ దేశాల్లో పుట్టిన పద్ధతి. ఋతువు మారినప్పుడల్లా ఒక పండుగ. మార్చి ఇరవైన పగలూ రాత్రీ సమానమవుతాయి కదా, ఆ రోజు వసంతం పండుగ, ఒస్తారా అంటారు, వాళ్ళ వసంత దేవత పేరే అది. గుడ్లు, విత్తనాలు, పువ్వులు పెట్టి మధ్యలో వాసన కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఒక్కో కోరికకి ఒక్కో వాసన. మల్లె ప్రేమకి, నిమ్మ మనసు తేటపడ్డానికి, లావెండరు నిద్రకి. కోరికని కొవ్వొత్తి మీద సూదితో గీసి, పొద్దు వాలగానే వెలిగించాలి. నోటితో ఊదకూడదు. అడుగుదాకా కాలితే కోరిక వెళ్ళాల్సిన చోటికి వెళ్ళినట్టు.

నవ్వుతావని తెలుసు. నవ్వు. మా ఆయన వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఆ మేడ మీద కూర్చుని వచ్చిన రోజునే నాకు కాస్త నిద్ర పడుతోంది. నమ్మకమా అంటే చెప్పలేను. కోరుకోవడానికి ఒక చోటు దొరికింది, అంతే.

మీ ఆయన్ని, మా భీమరాజు అన్నయ్యని, అడిగానని చెప్పు. బేబీకి ముద్దులు.

నీ
సత్యశ్రీ


నరసాపురం,
ఫిబ్రవరి 11.

సత్యా,

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మన తెలుగు మేష్టారు నిన్ను ఊరికే అనలేదు. ఉగాది పచ్చడి చేదుగా ఉందని మా ఇంట్లో గిన్నె వదిలేసి పారిపోయినదానివి, ఇప్పుడు తెల్లవాళ్ళ ఉగాది చేస్తున్నావన్నమాట. చెయ్యి తల్లీ. నీకు నిద్ర పడితే అదే పదివేలు.

కొవ్వొత్తుల సంగతి మా దేవకుమారిగారికి చెప్పాను. షెడ్డు ఆవిడదే. పన్నెండుమందిమి పని చేస్తాం. ఇదివరకు ఇదే షెడ్డులో లేసు అల్లేవాళ్ళం, నీకు గుర్తుండే ఉంటుంది. లేసు అడిగేవాళ్ళు తగ్గిపోయాక ఆవిడ చర్చిలకి కొవ్వొత్తులు పోయించడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాసనవి కూడా చేస్తున్నాం, ఆన్‌లైన్‌లో పోతున్నాయి. నీ సంగతి విని ఆవిడ, "మన ప్రభువుకి సంబంధం లేని పండుగే గానీ, వెలుగు వెలుగే కదమ్మా" అన్నారు. దాంతో ఆర్డరు ఖాయమైపోయింది.

పెంకులే కష్టమైంది. గుడ్డు నెత్తిన చిన్న కన్నం పెట్టి లోపలిది తీయాలి, పెంకు చెదరకూడదు. మీ అన్నయ్య వేట లేని నాలుగు రోజులూ ఊళ్ళో ఆమ్లెట్ బళ్ళన్నీ తిరిగాడు. అలా పగలగొట్టమంటే బండివాళ్ళు నవ్వారట. చివరికి స్టేషను దగ్గర బండి పక్కన నిలబడి ఆయనే పగలగొట్టి ఇచ్చాడట. ఆ సాయంత్రం వచ్చిన వాళ్ళంతా ఆయన్నే బండివాడనుకుని ఆమ్లెట్లు అడిగారట. అరవై పెంకులు తెచ్చాడు, ఒడ్డుకి చేపల బుట్ట మోసుకొచ్చినంత గర్వంగా. సముద్రంలో వల లాగే చేతులు అంత మెత్తగా ఎలా పని చేశాయో నాకూ తెలీదు.

మా అత్తకి మాత్రం అంతా అర్థమైపోయింది. "మా కోడలి స్నేహితురాలు గుడ్లలో కొవ్వొత్తులు వెలిగిస్తుందంట, తినే గుడ్లకి ఈ కర్మేంటి" అని వాడంతా చెప్పొచ్చింది.

మల్లె పదిహేను, నిమ్మ పదిహేను, లావెండరు పది పోస్తున్నాను. పోశాక రెండు వారాలు కదపకుండా ఉంచితే వాసన మైనంలో కుదురుకుంటుంది. మార్చి మొదటివారంలో పంపిస్తాను. నువ్వు లావెండరు ముందు వెలిగించుకో.

రామలక్ష్మి


నరసాపురం,
మార్చి 7.

సత్యా,

నీ నలభై కొవ్వొత్తులూ ఈ పెట్టెలో ఉన్నాయి. లెక్కపెడితే నలభై ఒకటి వస్తాయి. ఆ ఒకటి ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ అన్నయ్య ఆదివారం తెల్లవారుజామున బోటు మీద నుంచి సముద్రంలో పడిపోయాడు. ఇవాళ్టికి ఆరో రోజు.

వల లాగుతున్నారట. హరిబాబు అని, పదిహేనేళ్ళుగా ఆయనతో వేటకి వెళ్ళే అతను, పక్కనే ఉన్నాడు. తాడు కట్టడానికి ఇటు తిరిగి మళ్ళీ అటు చూసేసరికి మనిషి లేడన్నాడు. గాలి లేదు, అల లేదు. కేక కూడా వినపడలేదట. ఆ రోజూ మర్నాడూ బోటు అక్కడే తిప్పారు. తరవాత వచ్చేశారు. హరిబాబు మా గుమ్మం ముందు కింద కూర్చుని తల ఎత్తలేదు.

ఆ వైపు కాకినాడ బోట్లు, ఒడిశా బోట్లు తిరుగుతుంటాయి. ఇదివరకు ఒకతన్ని అలాగే వేరే బోటువాళ్ళు ఎక్కించుకుని తీసుకుపోతే పన్నెండు రోజులకి ఇంటికి చేరాడు. ఈ మాట రోజుకి పదిమంది వచ్చి చెబుతున్నారు. ఒక్కరూ నా మొహం చూసి చెప్పట్లేదు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. కొడుకు ఎక్కడి నుంచైనా చేస్తాడని మా అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. ఎవరు చేసినా "పెట్టెయ్యండి, మా వాడు చేస్తాడు" అంటోంది. అందుకని నాకు నువ్వు ఫోన్ చెయ్యొద్దు.

మొన్న షెడ్డుకి వెళ్ళాను. ఇంట్లో ఉండలేకపోయాను. మిగిలిన పెంకుల్లో మంచిది చూసి నలభై ఒకటోది పోశాను. మల్లె కాదు, నిమ్మ కాదు, మొగలి పోశాను. వానాకాలంలో ఒడ్డున మొగలి పొదలు పూస్తే ఆ వాసన బోటు మీదకి వస్తుందనీ, దీపాలు కనపడకముందే ఇల్లు దగ్గరకొచ్చిందని తెలిసిపోతుందనీ ఆయన అంటుండేవాడు. ఎంత దూరంలో ఉన్నా తగలాలని సెంటు రెండింతలు పోశాను. పెంకు ఒలిచి, లేసు సూదితో పేరు గీశాను. 'భీ' వంకరగా వచ్చింది.

మొగలిపువ్వు పూజకి పెట్టరు కదే అంది మా అత్త. మీ దేవత వేరు కదా, ఆవిడకి ఆ పట్టింపు ఉండదనుకున్నాను.

ఇరవయ్యో తారీఖున దీన్ని వెలిగించు సత్యా. నువ్వు నమ్మకమా అంటే చెప్పలేనన్నావు. నేను చెప్పగలను. నాకు నమ్మకమే. ఇక్కడ మొక్కని దేవుడు లేడు, ఎవరూ పలకలేదు. మీ మేడ ఒక్కటే మిగిలింది.

ఎలా కాలిందో ఉన్నదున్నట్టు రాయి.

రామలక్ష్మి


బెంగళూరు,
మార్చి 22.

రామూ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. అన్నయ్య మా ఊరి రేవులో నాకు ఈత నేర్పిస్తానని, నడుముకి తాడు కట్టి, నేను అరుస్తుంటే నవ్వుతూ నిలబడిన రోజే గుర్తొస్తోంది. నీళ్ళు ఆయన్ని ఏం చేస్తాయి?

నిన్న కాక మొన్న సాయంత్రం వెలిగించాను. నీకు నచ్చేలా చెప్పాలంటే ఎలా చెప్పను. ఎనిమిదిమందిమీ చుట్టూ కూర్చున్నాం. నీ కొవ్వొత్తి మధ్యలో పెట్టాం, చుట్టూ పెసలు, శనగలు, చామంతులు. అందరి కోరికలూ పక్కన పెట్టి ముందు అన్నయ్య పేరే తలుచుకున్నాం. వెలిగించగానే మొగలి వాసన మేడంతా నిండిపోయింది. పక్కింటి వాళ్ళు కిటికీలు తెరిచి చూశారు.

మంట నిటారుగా నిలబడింది రామూ. గాలి వీచినా వంగలేదు. రెండు గంటలసేపు కాలింది. 'భీ' కరిగింది, తరవాత 'మ', తరవాత 'రా', తరవాత 'జు'. అడుగుదాకా కాలింది. పళ్ళెంలో మైనం మరక తప్ప ఏం మిగల్లేదు. మా పెద్దావిడ ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా కాలింది చూడలేదన్నారు. మనిషి దారిలో ఉన్నాడు, ఇంటివాళ్ళని ధైర్యంగా ఉండమను అన్నారు.

అందుకని ధైర్యంగా ఉండు. అన్నం తిను. తలుపులమ్మగారికి చదివి వినిపించు.

నీ
సత్య


నరసాపురం,
ఏప్రిల్ 3.

సత్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగింది. మూడుసార్లు చదివించుకుంది మా అత్త. నాలుగోసారి చదవబోతే, "చాల్లే, మాటలు అరిగిపోతాయి" అని ఉత్తరం తీసుకుని దేవుడి పటం వెనక పెట్టింది. ఆ పూట రెండు ముద్దలు తిన్నాం అందరం.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. నువ్వు ఆ ఉత్తరం రాయకపోయుంటే ఏమైపోయేదాన్నో.

ఉగాదికి మూడు రోజుల ముందు, గురువారం, ఏటికి అవతలి వైపు పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది. పోలీసులనగానే మా అత్త పెట్టెయ్యకుండా నా చేతికిచ్చింది. అక్కడ ఒడ్డుకి ఒక మగమనిషి కొట్టుకొచ్చాడట. చాలా రోజులు నీళ్ళలో ఉన్నాడు, మొహం గుర్తుపట్టేలా లేదు, తప్పిపోయినవాళ్ళ ఇళ్ళన్నిటికీ చెబుతున్నాం, మీరూ ఒకసారి వచ్చి చూడండి అన్నారు. మర్యాదగానే మాట్లాడారు. మూడు రోజులు ఉంచుతామన్నారు.

మా అత్త లేచి చీర మార్చుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

మా వాడలో ఒక పట్టింపు ఉంది, మీ రైతుల ఇళ్ళల్లో ఉండదు. వేటకెళ్ళి తప్పిపోయిన మనిషి కోసం ఇంట్లోవాళ్ళు శవాన్ని చూడ్డానికి గడప దాటారంటే ఒప్పుకున్నట్టే. ఆ శవం వేరేవాళ్ళదని తేలినా సరే, తిరిగొచ్చాక నీళ్ళు వదలాల్సిందే. గడప దాటనంతకాలం "ఇంకా వేటలో ఉన్నాడు" అనే అంటారు. పోయాడని ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ ఉండదు. నా తరఫున వెళ్ళొస్తానని హరిబాబు అన్నాడు. వద్దన్నాను. ఎవరు వెళ్ళినా ఇంటి తరఫున వెళ్ళినట్టే కదా.

"నేను కన్నదాన్ని, చూసి కాదనుకుని వచ్చేస్తానే" అని మా అత్త బతిమాలింది. ఎప్పుడూ నా మీద గొంతు లేపే మనిషి చేతులు పట్టుకుంది. నేను పటం వెనక నుంచి నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. మనిషి దారిలో ఉన్నాడు అన్న చోట ఆగి, ఇది అబద్ధమా అత్తా అని అడిగాను. "చదువుకున్న పిల్ల, అబద్ధం ఎందుకు రాస్తుందిలే" అని కూర్చుంది.

ఆదివారం ఉగాది చేశాం. ఆయన పచ్చడి గిన్నెలో పోసి మూత పెట్టాను. మూడోరోజుకి పులిసిపోయింది, పారబోశాను. వచ్చాక మళ్ళీ చేస్తాను. వాళ్ళు చెప్పిన మూడు రోజులూ అయిపోయాయి. ఎవరో పాపం, ఎవరి బిడ్డో, ఆ తల్లికి తెలుసో లేదో. ఆ మాట అనుకుని ఓ దణ్ణం పెట్టుకున్నాను.

మీ పెద్దావిడకి నా నమస్కారాలు చెప్పు.

రామలక్ష్మి


బెంగళూరు,
ఏప్రిల్ 8.

రామూ,

ఇప్పుడే ఉత్తరం అందింది. వెంటనే ఫోన్ చేశాను. తలుపులమ్మగారు ఎత్తారు. నిన్ను పిలవమన్నాను, "పెట్టెయ్యమ్మా, మా వాడు చేస్తాడు" అని పెట్టేశారు. నాలుగుసార్లు చేశాను.

నువ్వు అవతలి ఒడ్డుకి వెళ్ళు. ఆలస్యమైందనుకోకు, బట్టలో, ఒంటి మీద ఉన్నవేవో దాచి ఉంచుతారు, అవైనా చూసి రా. పట్టింపులు పక్కన పెట్టు. నా మాట విను. ఎందుకని అడగొద్దు, వెళ్ళి చూసి రా.

సత్య


నరసాపురం,
ఏప్రిల్ 17.

సత్యా,

ఎందుకని అడగొద్దన్నావు గానీ అడగకుండా ఎలా ఉంటాను.

మొన్నటి నుంచి వేట నిషేధం. జూన్ మధ్యదాకా ఒక్క బోటు కదలదు. నిషేధానికి ముందు రోజు అన్ని బోట్లూ రేవుకి వచ్చేశాయి. కాకినాడవి కాకినాడకి, ఒడిశావి ఒడిశాకి చేరిపోయాయట, హరిబాబు అందరికీ ఫోన్లు చేసి కనుక్కున్నాడు. ఎవరి బోటులోనూ అదనపు మనిషి లేడు. ఇప్పుడు సముద్రం మీద ఎవరూ లేరు సత్యా. దారిలో ఉన్న మనిషి ఏ దారిలో ఉన్నట్టు?

బేబీని బళ్ళో టీచరు మీ నాన్న ఏం చేస్తారని అడిగిందట. వేటలో ఉన్నాడని చెప్పిందట. నిషేధం కదా అని పక్కపిల్ల అందట. ఇంటికొచ్చి నన్ను అడిగింది.

మార్చిలో ధైర్యంగా ఉండమన్నదానివి ఏప్రిల్లో వెళ్ళి చూడమంటున్నావు. మధ్యలో ఏం మారింది? నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అక్షరాలు ఒక్కొక్కటీ కరిగాయని రాశావు. నేను ఆ పేరు పై నుంచి కిందికి గీయలేదు, చుట్టూ గీశాను. కరిగితే నాలుగూ ఒకేసారి కరగాలి. మొదటిసారి చదివినప్పుడే ఆ సంగతి నాకు తట్టింది. తట్టినా పక్కకి తోసేశాను.

ఏం జరిగిందో చెప్పు. ఈసారైనా.

రామలక్ష్మి


బెంగళూరు,
ఏప్రిల్ 23.

రామూ,

కాలలేదు.

వెలిగించాను, అది నిజం. ఎనిమిదిమందిమీ కూర్చున్నాం, అదీ నిజం. మొగలి వాసన నిజం. చిటికెన వేలు గోరంత కరిగిందో లేదో మంట చిన్నదైపోయి మైనంలో మునిగిపోయింది. కరిగిన మైనం వంచేసి మళ్ళీ వెలిగించాను. మళ్ళీ అంతే. మూడోసారి అందరం చేతులు అడ్డం పెట్టి కూర్చున్నాం. మూడోసారీ పోయింది. మా పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇక వద్దమ్మా, నాలుగోసారి అడగకూడదు" అన్నారు. మనిషి దారిలో ఉన్నాడని ఎవరూ అనలేదు. ఆ మాట నాది.

మర్నాడంతా కాయితం ముందు కూర్చున్నాను. ఉన్నదున్నట్టు రాయమన్నావు. దీపం ఆరిపోయింది అన్న మాట మన నోట్లోంచి రాదు కదా, కొండెక్కింది అంటాం. ఆ మాట కూడా నీ పేరు పక్కన, అన్నయ్య పేరు పక్కన రాయలేకపోయాను. కొంచెం సర్ది రాద్దామనుకున్నాను. సగం కాలిందని రాద్దామనుకున్నాను. రాస్తూ రాస్తూ ఉంటే నాకే ఆశ పుట్టింది. ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చిన రోజు నేను బాగా నిద్రపోయాను రామూ. దానికి సిగ్గుపడుతున్నాను.

ఒక నాలుగు రోజులు నువ్వు అన్నం తింటే చాలనుకున్నాను. నా ఉత్తరం పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడతావని నాకు ఎలా తెలుస్తుంది? తెలిస్తే రాసేదాన్నా?

మేడ మీదకి వెళ్ళడం మానేశాను. నీ నలభై కొవ్వొత్తులూ వాళ్ళకే ఇచ్చేశాను. నేను అక్కడికి వస్తాను. నువ్వు రమ్మంటే రేపే బయల్దేరతాను.

సత్యశ్రీ


నరసాపురం,
జూన్ 9.

సత్యా,

నీ ఉత్తరం అందిన మూడోరోజున గడప దాటాం. నేను, మా అత్త, హరిబాబు. ఏరు దాటించే పంటు ఎక్కి అవతలికి వెళ్ళాం. ఎండాకాలం, నీళ్ళు తేటగా ఉన్నాయి. మా అత్త ఏటి వంక చూడలేదు.

స్టేషనులో ఒక కవరు తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. నల్ల మొలతాడు, దానికి ఒక సీసపు గుండు. వల బరువుకి కడతారే, ఆ గుండు. ఆయనకి మూడేళ్ళప్పుడు జబ్బు చేస్తే, బిడ్డ నిలవాలని మా అత్త ఆయన తండ్రి వలలోంచి తెంపి మొలతాడుకి గుచ్చింది. తాళ్ళు మారాయి గానీ గుండు మారలేదు. మా అత్త దాన్ని తీసుకుని చెంగుతో తుడిచింది. "మావాడేనండి" అంది. అంతే. ఏడవలేదు. నేను ఏడ్చాను.

మూడు రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే, పంచాయతీ మనిషి వీరబ్రహ్మంగారు సరుగుడు తోట అవతల ఇసకలో పూడ్చారట. చూపిస్తానని తీసుకెళ్ళారు. అక్కడికి వెళ్ళాక ఆయన నిలబడిపోయారు. ఆ వారంలోనే ఇంకో మనిషి కూడా కొట్టుకొచ్చాడట, అతనికీ ఎవరూ రాలేదట. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పుల్లలు పాతారట. మధ్యలో సముద్రం పోటు వచ్చి పుల్లలు పోయాయి, ఇసక కదిలింది. రెండు దిబ్బలున్నాయి, ఏది ఎవరో ఆయనకీ తెలీదు. "క్షమించండమ్మా, అప్పుడు ఎవరైనా వచ్చి ఉంటే" అని ఆపేశారు. పెద్దాయన, ఆయన తప్పేం లేదు. కావాలంటే అర్జీ పెట్టుకోండి, తవ్వి పరీక్ష చేయిస్తారు అని కూడా చెప్పారు. మా అత్త వద్దంది. "వాణ్ణి నీళ్ళు ఒకసారి లాగాయి, మనం ఒకసారి లాగొద్దు" అంది.

ఆ రోజు వెళ్ళి ఉంటే మొహం తెలిసేది కాదు, నాకు తెలుసు. పాదాలు తెలిసేవి. ఎడం కాలి బొటనవేలు లంగరు పడి నలిగింది, పెళ్ళయిన ఏడాది నేనే కట్టు కట్టాను. ఆ పాదాలు పట్టుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. బేబీ చేత నీళ్ళు పోయించేదాన్ని. మా వాడలో, మా శ్మశానంలో, ఆయన తండ్రి పక్కన ఉండేవాడు. ఇప్పుడు రెండు దిబ్బలకీ చెరో చెంబు నీళ్ళు పోసి వచ్చాం. రెండో మనిషి ఎవరో, ఆయన పెళ్ళాం కూడా ఏ గుమ్మంలో నిలబడిందో.

మర్నాడు పెద్దవాళ్ళు వచ్చి నా గాజులు తీశారు. పదోరోజు కూడా చేశాం. హరిబాబు ఆ రోజు నుంచి బోటు ఎక్కనంటున్నాడు.

నీకు ఒక మాట చెప్పాలి. దాని కోసమే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను. ఆ కొవ్వొత్తి ఎందుకు కాలలేదో నాకు తెలుసు. నీ ఉత్తరం చదవగానే తెలిసిపోయింది. సెంటు ఎక్కువైతే వత్తి మైనాన్ని పీల్చుకోలేదు, మంట మైనంలో మునిగిపోతుంది. షెడ్డులో చేరిన మొదటి రోజు దేవకుమారిగారు చెప్పే మొదటి పాఠం అది. గరిటె దాటి ఒక్క చుక్క పోసినా తిడతారు. నేను రెండింతలు పోశాను. చేతకాక కాదు, ఆ రోజు పాఠం గుర్తులేదు, ఆయనకి తగలాలన్నదే గుర్తుంది. మీ దేవత ఏం చెప్పలేదు సత్యా. మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. అది నా చేతి పొరపాటు.

నువ్వు మూడుసార్లు పోయిందని రాసి ఉంటే, ఒక పూట గుండె జారి ఉండేది. తరవాత నేనే నా నెత్తిన కొట్టుకునేదాన్ని, సెంటు తగలేశానే అని. ఆ కొవ్వొత్తిని అక్కడితో మరిచిపోయేదాన్ని. గురువారం ఫోను వచ్చినప్పుడు నా చేతిలో చదవడానికి ఏ ఉత్తరమూ ఉండేది కాదు. మా అత్తతో పాటు నేనూ చీర మార్చుకునేదాన్ని.

నీ మీద కోపం లేదా అంటే ఉంది. ఒక్కోరోజు చాలా ఉంది. అయితే నువ్వొక్కదానివే చేసిన పని కాదిది. ఉన్నదున్నట్టు రాయమన్నాను గానీ, నాకు కావలసింది ఏంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పేరు చుట్టూ గీశానని తెలిసి కూడా నమ్మినదాన్ని. గుమ్మానికి అడ్డం నిలబడింది నేను. మా అత్త ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. నిన్నూ అనలేదు. అంటే బావుణ్ణు. పటం వెనక నుంచి నీ ఉత్తరం తీసి నా చేతికిచ్చి, "ఇది నువ్వే ఉంచుకో" అంది.

వస్తానన్నావు. రాకు. నిన్ను చూస్తే పట్టుకుని ఏడవాలో తరిమెయ్యాలో నాకు తెలీదు.

ఉత్తరం కూడా ఇక రాయకు. నీ చేతిరాత చూస్తే విప్పకుండా ఉండలేను. విప్పితే చదువుతాను. తవ్వించి చూడమనో, గుండు ఇంకెవరిదైనా అయ్యుండొచ్చనో, కాలం అన్నీ మాన్పుతుందనో రాస్తావు. నువ్వేం రాసినా నాకు నమ్మాలనిపిస్తుంది. ఆయన ఆ రెండిట్లో ఏదో ఒకదాంట్లో ఉన్నాడు. నాకు తెలిసిన నిజం అదొక్కటే, దాన్ని నా దగ్గర ఉండనీ.

రామలక్ష్మి